పాల చిట్టా వెనక పేజీ

షోరూం పిలగాడు మంచోడే.
ఏసీ కింద కూసోబెట్టి చాయ్ ఇచ్చిండు,
అద్దం బల్లమీద కొత్త ట్రాలీ బొమ్మ పరిచిండు.
"ఐదు నెలలు ఆగాలె అక్కా" అన్నడు.
గోటంత చిప్పు ఒకటి
సముద్రాల అవతల ఎక్కడ్నో ఆగిందట,
అది రాందే ఇంజన్ల పానం రాదట.
పోయిన దసరాకు మూడు లక్షల ఇరవై,
ఇప్పుడు మూడు తొంభై ఐదు.
"రేపటికి ఎంతైతదో నాకూ ఎరుక లేదు" అని
తల గోక్కున్నడు.
ఆ ఒక్క మాట నచ్చింది నాకు.

నైంనగర్ రోడ్డు మీద
మా ముసల్ది ఎండకు నిలబడ్డది.
ఎడమ డోరుకు నవారు కట్టు.
వైపరు దెబ్బ పడితే తప్ప కదలదు.
హారన్ కొడితే మేకపిల్ల తప్పిపోయిందనుకుంటరు.
మూడో గేరు పడాలంటే
మా ఓదెలు లోపట్లోపట ఏదో అంటడు,
మొక్కో, తిట్టో.
ఎన్నిసార్లు అడిగినా చెప్పడు.

పరకాల దాక మాట్లాడలే ఇద్దరం.
ఖాళీ క్యాన్లే మాట్లాడినయ్.
కొత్త బండి అద్దం మీద బిడ్డ పేరు
ఏ రంగుల రాయించాల్నో సుత
అనుకున్నడు పాపం.

తెల్లారి బ్రోకర్ సాంబరాజు వచ్చిండు.
ఎద్దు పండ్లు చూసినట్టు చుట్టూ తిరిగి,
టైరు మీద గోరుతోని గీకి,
"కొత్తయి దొర్కుతలేవు గద వదినా,
పాతదే బంగారం.
రెండు లక్షల పది, ఇప్పుడే, నగదు" అన్నడు.
లక్షా డెబ్బై ఐదుకు కొన్నం దాన్ని.
పదకొండేండ్లు అరగదీసినంక
కొన్నదానికన్నా ఎక్కువ!
అబద్ధమెందుకు,
నా గుండె సుత గుబిల్లుమన్నది.

"ఎవరికమ్ముతవ్ సాంబన్నా?"
"మీ అసోంటోళ్ళకే,
షోరూం కాడ ఆగలేనోళ్ళకు.
రెండు అరవై అంటే కండ్లకద్దుకుంటరు."

మా అసోంటోళ్ళు ఎవరో
ఆ రాత్రి నా కండ్ల ముందే తిరిగిండ్రు.
పాల చిట్టా వెనక పేజీల నడుమ గీత కొట్టిన.
ఇటు క్లచ్చు ప్లేటు, ఫిట్‌నెస్, తాగే డీజిల్.
అటు నెలకు తొమ్మిది వేల ఎనిమిది వందల కిస్తీ,
నాలుగేండ్లు.
నడుమ ఐదు నెలలు
నూట ఎనభై లీటర్లు నెత్తిన మోస్తనా?
ఎన్నిసార్లు కూడినా లెక్క తెగలే.

ఆత్మకూరు కాడ ఆగిన పొద్దు
ఏ పక్క రాయాల్నో తెల్వలే.
మే నెల, మిట్ట మధ్యాహ్నం,
పాలన్నీ ఇరిగిపోయినయ్.
బండిని తన్నిన, నా కాలే వాచింది.
తండా ఆడోళ్ళు బిందెలు తెచ్చి
ఇరిగినయి ఇరిగినట్టే పట్టుకపోయిండ్రు.
వారానికి ఒకామె
డబ్బాల కోవా తెచ్చిచ్చింది.
ఆమె పేరు ఇప్పటికీ తెల్వది.

ఖలీల్ చాచా కాడికి పోయినం.
కంపెనీ పార్టు ఆయనకూ దొర్కలే.
మట్టెవాడల లేతు మీద
రెండు రోజులు కూసోని కోపించుకొచ్చిండు.
నూనె చేతులు తుడుసుకుంట అన్నడు:
"ఇది కంపెనీ చేసింది కాదమ్మా, నేను చేసింది.
అందుకే నమ్మకు.
వారానికోపాలి తెచ్చి చూపెట్టు."

సాంబరాజుకు ఫోన్ చేసి వద్దన్నం.
షోరూం పిలగానికి
ఐదువేలు కట్టి పేరు రాయించినం.
రెండూ చేసినం. నవ్వేటోళ్ళు నవ్వనీ.

పొద్దుగాల నాలుగు, మంచు.
ముంగట సీటు మీద లెక్కల బుక్కు, పక్కన నేను.
ఊరు దాటినంక ఎత్తుగడ్డ.
ఇంజను దగ్గింది, ఓదెలు వంగిండు,
గేరు రాడ్డు మీద చెయ్యేసి గొణిగిండు.
నవారు జారి డోరు కొట్టుకుంటాంటె
చేత్తోని పట్టుకున్న,
మోత ఆగింది,
ఇయ్యాల వినవడ్డది:

"గీ గడ్డ ఎక్కు తల్లీ.
రేపటి సంగతి రేపు."

రోజూ గిదేనా అని
అడగలే.